జోసెఫ్ హైడను: జీవితమును శైలీపరిణామమును

విద్య నభ్యసించువారికి తఱచుగా నొక సందేహము కలుగుచుండును. గొప్పవారి గొప్పతనము పుట్టుకతో వచ్చినదా, లేక వారు క్రమక్రమముగా సంపాదించుకొనినదా? మోజార్టు అను సంగీతకర్త యైదవయేటనే చిన్న చిన్న రచనలు చేసెనని వినినప్పుడు మొదటి మాటయే నిజమని తోచును. ఇట్టి కథలు చదివి, తమకు పండ్రెండు పదుమూడేండ్లు వచ్చియు ఏ విద్యలోను ప్రకాశింపకుండుట చూచి, ఇక తమకు విద్య యబ్బదని దిగులుపడు బాలురను మేము తరగతులలో చూచుచునే యున్నాము. అట్లు తలంచు తలిదండ్రులును లేకపోలేదు. అందుచే నీ వ్యాసమున వేఱొక విధమైన మహనీయుని చరిత్రను మా విద్యార్థుల ముందుంచ నెంచితిమి.

అతడు ఆస్ట్రియా దేశస్థుడగు జోసెఫ్ హైడను. 1732 వ సంవత్సరము మార్చి 31 వ తేదీన జన్మించి, 1809 వ సంవత్సరము మే 31 వ తేదీన మరణించెను. ముప్పదవయేటనే యతడు మరణించియుండినచో, ఒక ప్రభువు కొలువులో పనిచేసిన మంచి వాద్యకారుడని మాత్రమే చరిత్రకారులు వ్రాసియుందురు. అతని యుత్తమ రచనలలో నెక్కువభాగము నలువదేండ్లు నిండిన పిమ్మటను, కొన్ని యఱువదేండ్లు దాటిన పిమ్మటను వెలువడినవి. అతని శైలి యే దశలో నెట్లు మాఱెనో, ఆ మార్పులకు కారణము లెవ్వియో విచారించుటయే యీ పాఠము.

1. ముందుగా తెలియవలసిన సంగతులు

మన కర్ణాటక సంగీతమున పాట యొక్క సొగసు ఒకే స్వరధారలో నుండును. ఐరోపా సంగీతమున పెక్కు స్వరధారలు ఏకకాలమున కలిసి నడచును. దేవాలయమున గాయకబృందము సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అను నాలుగు గొంతులతో కీర్తన పాడుట వినినవారికి ఇది సులభముగా బోధపడును. ఆ నాలుగు గొంతులకు బదులు రెండు వయొలినులు, ఒక వయోలా, ఒక చెల్లో ఉండునట్లు వ్రాసిన రచనకు స్ట్రింగ్ క్వార్టెట్ అని పేరు. దీనిని ఈ వ్యాసమున చతుష్టయమని వ్యవహరింతుము. తంత్రీవాద్యములకు తోడుగా ఊదు వాద్యములను, భేరులను చేర్చి, పెద్ద వాద్యబృందము కొఱకు సాధారణముగా నాలుగు భాగములుగా వ్రాయు రచనకు సింఫనీ యని పేరు. వరుస సంఖ్యలు గల సింఫనీలు 104, చతుష్టయములు 68 హైడను పేర నున్నవి. ఈ రెండు రూపములకును అతనిని తండ్రియని వాడుకగా చెప్పుదురు. వానిని మొదట కనిపెట్టినవాడు అతడు కాడు. పసిబిడ్డలవలె నున్నవానిని పెంచి పెద్దచేసినవాడు.

2. బాల్యము

హైడను పుట్టిన యూరు రోరౌ. అది హంగేరీ సరిహద్దునకు దగ్గఱగా నున్న పల్లె. తండ్రి మథియాసు బండిచక్రములు చేయు వడ్రంగి. తల్లి వివాహమునకు పూర్వము ఆ యూరి జమీందారుగారి యింట వంట చేయుచుండెను. తండ్రికి సంగీతలిపి చదువుట రాదు. అయినను పని ముగిసిన తరువాత హార్ప్ అను తంత్రీవాద్యమును వినికిడిచేతనే వాయించుచు పాడుచుండెను. పిల్లలును ఆయనతో కలిసి పాడుచుండిరి. ఇదియే హైడనునకు ప్రథమ పాఠశాల.

ఆఱవయేట నతనిని, బంధువును బడిపంతులును అగు ఫ్రాంకు అనువాడు హైన్బుర్గు పట్టణమునకు తీసికొనిపోయెను. అక్కడ బాలుడు చదువుట, వ్రాయుట, పాడుట, వయొలిను వాయించుట, భేరి కొట్టుట నేర్చెను. అచ్చట తనకు తిండికంటె దెబ్బలే యెక్కువగా దొరకినవని అతడు వృద్ధాప్యమున చెప్పెను. అయినను, అంత చిన్నవయస్సున నన్నివిషయములు నేర్పినందులకు ఆ పంతులునెడ తాను కృతజ్ఞుడనని కూడ చెప్పెను. ఉపాధ్యాయులమగు మేము ఈ రెండు మాటలను కలిపి చదువుకొనవలసియున్నది.

1740 వ సంవత్సర ప్రాంతమున వియన్నా నగరమందలి సెయింట్ స్టీఫెన్ మహాదేవాలయ గాయకబృందమునకు అధిపతియగు రాయిటరు ఈ బాలుని కంఠమును విని మెచ్చి తనవెంట తీసికొనిపోయెను. అక్కడ హైడను సుమారు తొమ్మిదేండ్లు పాడెను. ఉత్తమ సంగీతమును ప్రతిదినము వినుటయు పాడుటయు లభించెను గాని, రచనాశాస్త్రమున రాయిటరు తనకు చెప్పినవి రెండే పాఠములని అతడు పిమ్మట జ్ఞాపకము చేసికొనెను. అంతలో యౌవనము వచ్చి కంఠము మాఱెను. పాడలేని బాలునితో దేవాలయమునకు పనిలేకపోయెను. సుమారు 1749 లో అతనిని వెళ్లగొట్టిరి. చేత ధనము లేదు, తలదాచుకొన చోటు లేదు. పేదవాడగు నొక గాయకుడు జాలిపడి తన చిన్నయింట నాశ్రయ మిచ్చెను.

3. గురువులేని విద్యార్థి

ఇక్కడనుండియే హైడను నిజమైన విద్యాభ్యాసము ప్రారంభమైనదని మా యభిప్రాయము. వియన్నాలో నొక పెద్దయింటి పై యంతస్తున, కప్పు క్రింది చిన్నగదిలో నతడు కాపురముండెను. పగలు పిల్లలకు పాఠములు చెప్పి, రాత్రులు వీధులలో వాద్యకాండ్రతో కలిసి వాయించి పొట్టపోసికొనుచుండెను. పురుగులు తినిన పాత క్లావియరు పెట్టె యొకటి యతని యాస్తి. దానియెదుట కూర్చుండి మూడు విధముల నతడు విద్య నార్జించెను.

మొదటిది పుస్తకము. ఫుక్సు అను పండితుడు లాటిను భాషలో వ్రాసి 1725 లో ప్రకటించిన గ్రంథమును సంపాదించి, పెక్కు స్వరధారలను దోషములేకుండ కలుపు శాస్త్రమును తనంతట తానే యభ్యసించెను. రెండవది ఆదర్శము. యోహాన్ సెబాస్టియన్ బాకు కుమారుడగు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ బాకు వ్రాసిన క్లావియరు రచనలను మరల మరల వాయించి, భావమునుబట్టి స్వరము తటాలున మాఱు పద్ధతిని గ్రహించెను. మూడవది సేవ. నికోలా పోర్పోరా యను ఇటలీ దేశపు సంగీతాచార్యుని శిష్యులు పాడునప్పుడు క్లావియరు వాయించుటకు కుదురుకొని, ఆయనకు పరిచర్య చేయుచు, తిట్లు సహించుచు, గానరచనలోని మెలకువలను, ఇటాలియను భాషను నేర్చెను.

1750 ల చివరిభాగమున నతడు వ్రాసిన మొదటి చతుష్టయములను వినినచో ఇవి చల్లని సాయంకాల విందులకు తగిన రచనలని తోచును. పాటయంతయు మొదటి వయొలినునదే. తక్కిన మూడును దానికి వంతపాడుచు వెనుక నడచును. ఇది మొదటి శైలి. ఆ కాలమున మోర్సిను కౌంటు వద్ద చిన్న యుద్యోగము దొరకెను. ఆ కౌంటునకు ధనము తఱుగుటచే వాద్యబృందము చెదరి ఉద్యోగము పోయెను. 1760 లో జరిగిన వివాహమును సుఖప్రదము కాలేదు.

4. ప్రభువు కొలువు

1761 మే 1 వ తేదీన హైడను హంగేరీలో మిక్కిలి ధనవంతులగు ఎస్టర్హాజీ ప్రభువుల కొలువున సహాయ సంగీతాధిపతిగా చేరెను. ఆనాటి యొప్పందపత్రము నేటికిని చదువదగినది. అతడు నౌకరుల యుడుపులను, తెల్లని మేజోళ్లను ధరించి, జుట్టునకు పొడి చల్లుకొని ప్రభువునెదుటికి రావలెను. ప్రతిదినమును మధ్యాహ్నమునకు ముందొకసారి, తరువాత నొకసారి వచ్చి ఆజ్ఞకై నిలువవలెను. వాద్యకాండ్ర తగవులు తీర్పవలెను. అతడు వ్రాసిన సంగీతమంతయు ప్రభువు సొత్తు. సెలవులేక నొరుల కీయరాదు. 1766 లో పెద్ద సంగీతాధిపతి మరణింపగా నా పదవియు నితనికే వచ్చెను.

ఇది దాస్యము కాదా యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. అందు దాస్యము లేకపోలేదు. అయినను హైడను దానియందలి లాభమును చూడగలిగెను. ఉదయమున వ్రాసినదానిని సాయంకాలమునకు వాయించి చూచుటకు వాద్యబృందము సిద్ధముగ నుండెను. ఎక్కడ బలమున్నది, ఎక్కడ పేలవముగ నున్నది యని వెంటనే తెలియుచుండెను. బాగులేనిదానిని తీసివేసి కొత్తదానిని చేర్చుచుండెను. లోకమునకు దూరముగ నుండుటచేత తన్ను కలవరపెట్టువారు లేరైరనియు, కావున స్వతంత్రమార్గమున నడువక తప్పలేదనియు నతడే చెప్పుకొనెను.

రెండవ ప్రభువగు నికోలాసు బారిటను అను నపురూపమైన తంత్రీవాద్యమును వాయించుచుండెను. దాని ముందరి తీగలను కమానుతో మ్రోగింతురు. వెనుకనున్న తీగలను బొటనవ్రేలితో మీటుదురు. ఆ వాద్యము కొఱకు హైడను నూటయిరువదికి పైగా త్రయరచనలు చేయవలసివచ్చెను. నేడు వానిని వాయించువా రరుదు. అయినను ఒకే చిన్న చట్రములో నూఱుమారులు కొత్తదనము చూపవలసిన యా నిర్బంధమే యతనికి గొప్ప వ్యాయామమయ్యెను.

5. తీవ్రభావముల కాలము

1766 మొదలు 1773 వఱకు గల కాలమున హైడను శైలి యాశ్చర్యకరముగా మాఱెను. విందుసంగీతపు చిఱునవ్వు పోయి, దుఃఖసూచకములగు మైనరు స్వరస్థాయిలు, ఆకస్మిక నిశ్శబ్దములు, మెత్తని ధ్వని వెంబడినే గర్జించు ధ్వని కానవచ్చెను. 1772 లో వ్రాసిన ఆఱు చతుష్టయములు (20 వ సంపుటము) ఈ కాలమునకు కిరీటము వంటివి. వానిలో మూడింటి చివరిభాగములు ఫ్యూగు అను పద్ధతిలో నున్నవి. ఒక గొంతు ఎత్తుకొనిన వరుసను రెండవది, మూడవది, నాలుగవది క్రమముగా నెత్తుకొని వెంబడించుటయే ఫ్యూగు. ఇందు యజమాని లేడు, నౌకరు లేడు. వంతపాడుచుండిన చెల్లోకును వయోలాకును మొదటి వయొలినుతో సమానమైన మాట లభించెను. హైడనునకు అప్పుడు నలువదేండ్లు. మేడ మీది గదిలో గురువు లేక చదివిన ఫుక్సు పుస్తకము ఇరువదేండ్ల తరువాత నిట్లు ఫలించినది.

ఆ సంవత్సరముననే 'వీడ్కోలు' అను పేరు గల 45 వ సింఫనీ పుట్టెను. ప్రభువు ఎస్టర్హాజా యను క్రొత్త సౌధమున నానాటికి నెక్కువకాలము గడపుచుండెను. వాద్యకాండ్రు తమ భార్యాబిడ్డలను ఐజెన్‌ష్టట్టు పట్టణమున విడిచి యుండవలసివచ్చి మిగుల బెంగపడిరి. ప్రభువుతో నెదురాడుట యెట్లు? హైడను మాట లాడలేదు, సింఫనీ వ్రాసెను. దాని చివరిభాగమున వాద్యకాండ్రు ఒక్కొక్కరుగా తమ వంతు ముగించి, కొవ్వొత్తి నార్పి, వాద్యమును తీసికొని లేచిపోవుదురు. తుదకు రెండు వయొలినులు మాత్రమే సన్నగా మ్రోగి ఆగిపోవును. ప్రభువు భావము గ్రహించి, మఱునాడే ప్రయాణమున కాజ్ఞ యిచ్చెనని చెప్పుదురు. తన క్రింది పనివారికై వినయముతోను ధైర్యముతోను మనవి చేసిన యిట్టి విజ్ఞప్తి మఱియొకటి సంగీతచరిత్రలో మే మెఱుగము.

6. సంభాషణశైలి

1779 లో కొత్త యొప్పందము జరిగి, రచనలను బయట ప్రకటించుకొను స్వాతంత్ర్యము హైడనునకు వచ్చెను. 1781 లో రచించిన 33 వ సంపుటమందలి ఆఱు చతుష్టయములు సరికొత్త పద్ధతిలో వ్రాయబడినవని యతడే తన యుత్తరములలో పేర్కొనెను. ఆ కొత్తదన మేమి? పూర్వపు ఫ్యూగులందలి సమానత్వమును విడువక, వాని బిగువును సడలించి, చక్కని సంభాషణగా మార్చెను. నాలుగైదు స్వరముల చిన్నతునక నొకదానిని తీసికొని, ఒక వాద్యము ప్రశ్నింప రెండవది బదులు పలుకునట్లు, మూడవది దానిని తలక్రిందులు చేసి పరిహసించునట్లు కూర్చెను. హాస్యమును పాండిత్యమును ఒకేచోట నిమిడినవి. అతని కీర్తి ఆస్ట్రియా దాటి వ్యాపించెను; పారిసు నగరమువారు కోరగా 1785, 1786 సంవత్సరములలో ఆఱు సింఫనీలు వ్రాసెను.

స్పెయిను దేశమందలి కాదిజు పట్టణమునుండి మఱియొక విచిత్రమైన కోరిక వచ్చెను. శుభశుక్రవారమున ప్రభువైన యేసు సిలువమీద పలికిన యేడుమాటలలో నొక్కొక్కదానిని బోధకుడు చదివి వివరించిన పిమ్మట వాయింపదగిన సంగీతము కావలెనని వారు వ్రాసిరి. ఏడును నెమ్మదిగా నడచు భాగములే. ఒకదాని వెంబడి నొకటి. వినువారికి విసుగు పుట్టరాదు. ఇది సులభమైన పని కాదని హైడనే యొప్పుకొనెను. మాటలు లేకయే వేదనను, క్షమను, దాహమును, సమర్పణమును వేర్వేరుగా ధ్వనింపజేసి, చివర భూకంపముతో ముగించెను.

ఈ కాలముననే మోజార్టుతో స్నేహము కుదిరెను. మోజార్టు అతనికంటె ఇరువదినాలుగేండ్లు చిన్నవాడు. హైడను చతుష్టయములను చదివి నేర్చుకొనిన మోజార్టు తాను వ్రాసిన ఆఱు చతుష్టయములను 1785 లో నతనికే యంకితమిచ్చెను. హైడనో, తా నెఱిగిన సంగీతకర్తలలో నీతడే గొప్పవాడని మోజార్టు తండ్రితో చెప్పెను. అంతటితో నిలువక, చిన్నవానినుండి తాను నేర్చుకొనెను. అటుపిమ్మటి సింఫనీలలో నూదు వాద్యముల వర్ణములు నిండుగ విరియుట చూచినచో ఈ సంగతి తేటపడును. తమ శిష్యుల యీడువారినుండి నేర్చుకొనుటకు సిగ్గుపడని పెద్దలు ఎంతమంది యుందురు?

7. లండను ప్రయాణము

1790 లో నికోలాసు ప్రభువు మరణించెను. తరువాతి ప్రభువునకు సంగీతమం దాసక్తి లేదు. వాద్యబృందమును చాలవఱకు తొలగించి, హైడనునకు భరణ మేర్పఱచెను. అతనికి అప్పుడు ఏబదియెనిమిదేండ్లు. పలువురు విశ్రాంతికి సిద్ధపడు వయస్సు. జొహాన్ పీటర్ సాలొమను అను వయొలిను విద్వాంసుడు వచ్చి, లండనునకు రమ్మని పిలిచెను. ఇంగ్లీషు రాదు, సముద్రమును చూచి యెఱుగడు. అయినను హైడను బయలుదేరి, 1791 జనవరి 1 వ తేదీన ఆంగ్లభూమిమీద కాలుమోపెను. 1791-92 లోను, 1794-95 లోను రెండుసార్లు అక్కడ నివసించెను. 1791 జూలై నెలలో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారు సంగీతాచార్య బిరుద మొసగిరి.

లండనులో శ్రోతలు మాఱిరి గనుక శైలియు మాఱెను. ప్రభువును అతిథులును కాదు, వెలయిచ్చి వచ్చిన వందలకొలది జనులు పెద్దమందిరమున కూర్చుండిరి. వాద్యకాండ్రు సుమారు నలువదిమంది. అట్టిచోట మొదటనే చెవి నాకర్షింపవలెను. అందుకు గంభీరమైన మెల్లని పీఠికలు వ్రాసెను. పామరుడును వెంటనే పట్టుకొనదగిన వరుసలను తీసికొని, పండితుడును తలయూపదగినట్లు విస్తరించెను. 94 వ సింఫనీలో పసిపిల్లలును పాడదగిన పాట యొకటి మెల్లగా, మఱింత మెల్లగా నడచుచుండ, ఉన్నట్లుండి వాద్యములన్నియు ఒక్కసారి పిడుగువలె మ్రోగును. దీనికి 'ఆశ్చర్యము' అని పేరు వచ్చినది. ఈ ప్రయాణములకై వ్రాసిన పండ్రెండు సింఫనీలు (93 నుండి 104 వఱకు) అతని సింఫనీలలో కడపటివియు శ్రేష్ఠములును.

అక్కడ నతడు వినినది వ్రాసినదానికంటె తక్కువ విలువైనది కాదు. 1791 లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ మహాదేవాలయమున హాండెలు స్మారకోత్సవము జరిగెను. వేయిమందికి పైగా గాయకులును వాద్యకాండ్రును కలిసి హాండెలు రచనలను వినిపించిరి. దానిని విని హైడను మిక్కిలి చలించెను. ఐరోపా యంతట పేరుపొందిన ఆ వృద్ధుడు మరల విద్యార్థియయ్యెను.

8. 'సృష్టి'

వియన్నాకు మరలివచ్చిన పిమ్మట, లండనులో నాంగ్లేయులు తమ రాజకీర్తనను పాడుట వినియున్నవాడు గనుక, 1797 లో ఆస్ట్రియా చక్రవర్తికై యొక గీతమునకు వరుస కట్టెను. ఆ వరుస నేడు జర్మనీ దేశపు జాతీయగీతమునకును, క్రైస్తవకీర్తనలకును వాడుకలో నున్నది. ఆ వరుసనే 76 వ సంపుటమందలి మూడవ చతుష్టయములో నొక భాగమునకు మూలముగా తీసికొనెను. ఇందు వరుస మాఱదు. రెండవ వయొలిను, చెల్లో, వయోలా, తుదకు మొదటి వయొలిను వంతులవారీగా దానిని వహింప, తక్కినవి చుట్టును క్రొత్త యల్లికలు చేయును. వంతపాట చతుష్టయములతో మొదలుపెట్టిన మనిషి తుద కెక్కడికి వచ్చెనో చూడుడు.

పిమ్మట 'సృష్టి' యను మహారచన. దీని మాటలు ఆదికాండము, కీర్తనల గ్రంథము, మిల్టను కావ్యము వీనినుండి యేర్చి కూర్చబడినవి. జర్మను పాఠమును వాన్ స్వీటను అను బ్యారను సిద్ధపఱచెను. 1796 లో నారంభించి, 1798 ఏప్రిలులో మొదటిసారి వినిపించిరి. ఆరంభమున నిరాకారమును శూన్యమునునైన స్థితిని వర్ణించుటకు హైడను స్వరములను నిలకడలేక తిరుగాడునట్లు వ్రాసెను. చెవి యే విశ్రాంతిస్థానమును కోరునో అది దొరకదు. తరువాత గాయకబృందము గుసగుసవలె పాడును. 'వెలుగు' అను పదము రాగానే వాద్యబృందమంతయు ఉజ్జ్వలమైన సి మేజరు స్థాయిలో ప్రకాశించును. నలువదేండ్ల శిక్షణయంతయు ఆ యొక్క క్షణమున పనిచేసినది. ఈ రచన చేయు దినములలో తాను ప్రతిదినమును మోకరించి, దీనిని ముగించు బలమిమ్మని దేవుని వేడుకొంటినని అతడు చెప్పెను. వ్రాతప్రతుల మొదట 'ప్రభువు నామమున' అనియు, చివర 'దేవునికి స్తోత్రము' అనియు లాటినులో వ్రాయుట అతని వాడుక.

9. తుదిదినములు

1801 లో 'ఋతువులు' ముగిసిన పిమ్మట శక్తి సన్నగిల్లెను. 1803 లో మొదలుపెట్టిన చతుష్టయము రెండు భాగములతోనే నిలిచిపోయెను. 1808 మార్చి 27 వ తేదీన వియన్నా విశ్వవిద్యాలయ మందిరమున 'సృష్టి'ని వినిపించినప్పుడు అతనిని కుర్చీలో మోసికొనివచ్చిరి. మఱుసటి సంవత్సరము ఫ్రెంచిసైన్యము వియన్నాను పట్టుకొనినది. ఆ సందడిలోనే యతడు కన్నుమూసెను.

అతనియందు లోపములు లేవని మేము చెప్పము. 1792 లో తనవద్దకు వచ్చిన బీథోవెను అభ్యాసపాఠములను అతడు శ్రద్ధగా దిద్దలేకపోయెను. శిష్యుడు రహస్యముగా వేఱొక గురువు నాశ్రయింపవలసివచ్చెను. నేర్చుకొనుట యెఱిగిన ప్రతివాడును నేర్పుట యెఱుగడు.

సంగీతమం దభిరుచి గల విద్యార్థులకు మా సూచన యేమనగా: 1750 ల చివరి చతుష్టయ మొకటి, 20 వ సంపుటము నుండి యొకటి, 33 వ సంపుటము నుండి యొకటి, 76 వ సంపుటమందలి మూడవది, ఈ నాలుగింటిని ఇదే వరుసలో వినుడు. ప్రతిదానిలోను చెల్లో యేమి చేయుచున్నదో మాత్రమే గమనింపుడు. వెనుక నిలుచుండి తాళము వేయుచున్న నౌకరు మెల్లమెల్లగా మాట నేర్చి, ముందుకు వచ్చి, తుదకు పాటనంతయు తానే వహించుట మీకు వినవచ్చును. పదునేడేండ్ల వయస్సున నుపయోగములేనివాడని వీధిలోనికి త్రోయబడిన బాలుడు ఆ పని చేయుటకు సుమారు ఏబదియేండ్లు పట్టినది. ఈ సంవత్సరము పరీక్షలో వెనుకబడినవారును, వారి తలిదండ్రులును దీనిని జ్ఞాపకముంచుకొందురుగాక.